ఫ్యాంటసీల్లో మగవేషం వేసిన అమ్మాయిని చివరికి మళ్లీ పెళ్లికూతుర్ని చేసేయడమేనా?

కొత్తపేజీ

చాలా రోజులుగా ఇక్కడ చదువుకుంటూ పోవడమే గానీ రాసింది లేదు. ఒక విషయం బుర్రలో తిరుగుతోంది. ఇంట్లో చెబితే "మళ్లీ ఆ దెయ్యాల పుస్తకాలేనా" అంటారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. స్పాయిలర్లు దండిగా ఉంటాయి, వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఈమధ్య వరసగా చదివిన పుస్తకాలన్నీ ఒకే తాడుకి కట్టినట్టు వచ్చాయి. టమోరా పియర్స్ 'అలానా' (మొదటి భాగం 1983లో వచ్చింది) చదివాను. కవల పిల్లలు, అబ్బాయి థామ్‌కి మంత్రవిద్య కావాలి, అమ్మాయి అలానాకి కత్తి కావాలి, ఇద్దరూ చోట్లు మార్చేసుకుంటారు. ఆమె 'అలన్' అని పేరు చెప్పుకుని రాజుగారి కోటలో చేరి, ఛాతీకి గుడ్డ బిగించి కట్టుకుని ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చి, నైట్ (అంటే రాజుగారి గుర్రపు వీరుడు) అయ్యాక గానీ గుట్టు బయటపడదు. తర్వాత టెర్రీ ప్రాచెట్ 'మాన్‌స్ట్రస్ రెజిమెంట్' (2003). బొరోగ్రావియా అనే దేశంలో ఆడవాళ్లకి ఆస్తి రాదు, సోదరుడు తిరిగి రాకపోతే ఇంటి సత్రం దాయాదుల చేతికి పోతుంది. అందుకని పాలీ జుట్టు కత్తిరించుకుని అతన్ని వెతకడానికి సైన్యంలో చేరుతుంది. చేరాక ఒక్కొక్కరి సంగతీ బయటపడుతుంటే పగలబడి నవ్వాను, కారణం చదివినవాళ్లకి తెలుసు.

ఇవి చదివాక 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఎయోవిన్ గుర్తొచ్చింది. డెర్న్‌హెల్మ్ అని పేరు పెట్టుకుని, ఇనప టోపీ కింద ముఖం దాచుకుని యుద్ధానికి వెళ్తుంది. మగవాడెవడూ తనని చంపలేడని విర్రవీగే, నజ్‌గూల్ అనే పిశాచాల నాయకుడి ముందు నిలబడి, నేను మగవాణ్ణి కాదని చెప్పి నరికేస్తుంది. అంత పెద్ద సీన్ రాసిన మనిషి తర్వాత ఏం చేశాడు? ఆమెని ఆస్పత్రిలో పడుకోబెట్టి, ఫారమిర్‌తో పెళ్లి కుదిర్చి, ఇక కత్తి పట్టను అనిపించాడు. నాకైతే ఉసూరుమంది.

నా ప్రశ్న ఏంటంటే, ఈ వేషం అనేది కథ నడవడానికి ఒక కీలు మాత్రమేనా, లేకపోతే నిజంగా "నేను ఎవరు" అనే సంగతి వీటిలో ఉందా? మధ్యయుగపు కథల్లో 'సైలెన్స్' అని ఒకటి ఉందని, అందులో ఇదే గొడవ ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఉందని ఎక్కడో చూశాను. అది ఎవరైనా చదివారా? కొత్తవాటిలో ఇంకేం చదవచ్చు?

తాటాకుల_సంచి

సైలెన్స్ నాకు పరీక్షకి పాఠంగా ఉండేది కాబట్టి కొంచెం చెప్పగలను. కొంచెం అన్నాను గానీ పెద్దదే రాస్తాను, ఓపిక పట్టండి.

13వ శతాబ్దం, పాత ఫ్రెంచి, పద్యం. కవి తన పేరు హెల్డ్రిస్ అని చెప్పుకుంటాడు, అంతకుమించి అతని గురించి ఏమీ దొరకదు. ఆ కావ్యానికి ఉన్నది ఒకే ఒక్క రాతప్రతి. అది 1911లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ దగ్గర వోలటన్ హాల్ అనే భవనంలో, "పాత కాగితాలు, విలువ లేనివి" అని రాసి పెట్టిన పెట్టెలో దొరికింది. కావాలంటే నవ్వుకోండి.

కథ మొదలయ్యేది వేషంతో కాదు, చట్టంతో. ఇద్దరు కవల అక్కచెల్లెళ్లని చేసుకున్న ఇద్దరు ప్రభువులు, ఎవరి భార్య పెద్దది, ఆస్తి ఎవరికి అని కొట్టుకుని ఇద్దరూ చస్తారు. ఇంగ్లండు రాజు ఎబాన్‌కి ఒళ్లుమండి, ఇకనుంచి నా రాజ్యంలో ఆడదానికి వారసత్వమే లేదు పొమ్మంటాడు. ఆ తర్వాత కాడోర్ అనే ప్రభువుకి ఒకే సంతానం, అదీ అమ్మాయి. ఆస్తి పోకుండా ఆ దంపతులు బిడ్డని అబ్బాయిగా పెంచుతారు. పాలీ సత్రం గుర్తొచ్చిందా? ప్రాచెట్ దీన్ని చదివాడని నేననడం లేదు, చదవక్కర్లేదు కూడా. ఆస్తి చట్టం అలా ఉన్నచోట ఇలాంటి కథ దానంతటదే పుడుతుంది.

పన్నెండేళ్ల వయసులో సైలెన్స్ ముందుకి ప్రకృతి, పెంపకం అనే ఇద్దరూ మనుషుల్లాగా వచ్చి వాదించుకుంటారు. ప్రకృతి తిడుతుంది: నేను ఇంత అందంగా చేసి పంపితే నువ్వు ఎండలో పడి తిరుగుతావా, పోయి కుట్టుపని నేర్చుకో అని. పెంపకం దాన్ని తరిమేస్తుంది. బుద్ధి వచ్చి మూడో మాట చెబుతుంది. అప్పుడు సైలెన్స్ వేసుకునే లెక్క నాకు భలే నచ్చుతుంది: మగవాడి బతుకు ఆడదాని బతుకుకంటే పైన ఉంది, పైన ఉన్నవాణ్ణి నేను కిందికి ఎందుకు దిగాలి? అక్కడ ఆత్మ, అంతరంగం అనే మాటలేం లేవు. లెక్క చూసుకోవడమే.

తర్వాత ఇంట్లోంచి పారిపోయి పాటగాళ్లతో తిరిగి గొప్ప గాయకుడవుతాడు, ఆపైన గొప్ప నైట్ అవుతాడు. రాణి వెంటపడుతుంది, కాదంటే అబద్ధపు నేరం మోపుతుంది. చివరికి అడవిలో ఉన్న మెర్లిన్ అనే మాంత్రికుణ్ణి పట్టుకురమ్మని పంపిస్తారు. ఆడదాని ఉపాయానికి తప్ప మెర్లిన్ చిక్కడని జోస్యం ఉంది కాబట్టి సైలెన్స్ ఎలాగూ తిరిగి రాడని రాణి ధీమా. సైలెన్స్ పట్టుకొచ్చేస్తాడు. మెర్లిన్ సభలో నిలబడి విరగబడి నవ్వి గుట్లన్నీ విప్పుతాడు: ఈ నైట్ ఆడది, రాణి పక్కనున్న సన్యాసిని మగవాడు, రాణి ప్రియుడు. ఆ ఇద్దరికీ మరణశిక్ష. ఆడవాళ్లకి వారసత్వం తిరిగొస్తుంది. ప్రకృతి మూడు రోజులు కూర్చుని సైలెన్స్ ఒంటి మీద మగతనపు ఆనవాళ్లు తుడిచేస్తుంది. ఆ మీదట పెళ్లి. ఎవరితో? ఆ రాజు ఎబాన్‌తోనే! ఇన్నాళ్లూ తన కొలువులో కత్తి తిప్పిన మనిషిని, తన చట్టం వల్లే ఇలా పెరిగిన మనిషిని అతనే చేసుకుంటాడు. ఎయోవిన్‌కి ఫారమిర్ దొరికాడని బాధపడుతున్నారు, ఇది చూడండి.

అయితే ఒక మాట. సైలెన్స్‌ని ట్రాన్స్ అనో, స్త్రీవాది అనో పేరు పెట్టి చదవడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ కాలానికి ఆ అరలు లేవు.

నెల్లూరోడు

సంచిగారూ, బాగా చెప్పారు. మీరు వదిలేసిన ఇంకో ఫ్రెంచి కథ ఉంది, 'ఈడ్ ఎ ఒలివ్', అదీ 13వ శతాబ్దమే. అది చదివినప్పుడు నాకు శిఖండి తప్ప ఇంకేమీ కనబడలేదు. ముందు ఆ కథ.

ఈడ్ ఆరగాన్ రాజు కూతురు. తల్లి చనిపోయాక తండ్రి బుద్ధి గడ్డి తిని, అచ్చం భార్యలా ఉందని కూతుర్నే చేసుకుంటానంటాడు. ఆ పిల్ల మగబట్టలు వేసుకుని గుర్రమెక్కి పారిపోతుంది. రోమ్ చేరి అక్కడి రాజు దగ్గర కొలువు చేసి, యుద్ధం గెలిపిస్తుంది. రాజు సంతోషపడి తన కూతురు ఒలివ్‌ని ఇచ్చి పెళ్లి చేస్తాడు. ఒంట్లో బాగాలేదని కొన్నాళ్లు తప్పించుకుని, ఇక లాభం లేదని భార్యకి నిజం చెప్పేస్తుంది. ఒలివ్ ఏమీ అల్లరి చేయదు, నీ రహస్యం నా రహస్యం అంటుంది. పక్కన ఎవడో వింటాడు, రాజు చెవిన వేస్తాడు. రాజు స్నానానికి నీళ్లు పెట్టించి, అల్లుణ్ణి బట్టలిప్పి దిగమంటాడు. ఆడదని తేలితే ఇద్దర్నీ కాల్చేస్తాడు. సరిగ్గా అప్పుడు దేవదూత దిగివచ్చి, ఈడ్‌ని దేవుడు మగవాణ్ణి చేశాడని చెబుతుంది. కొడుకు కూడా పుడతాడు.

ఇప్పుడు ఉద్యోగపర్వం తీయండి. అంబ మళ్లీ పుట్టి ద్రుపదుడి కూతురవుతుంది, తల్లి కొడుకు పుట్టాడనే చెబుతుంది, అలాగే పెంచుతారు. దశార్ణ రాజు హిరణ్యవర్మ కూతుర్నిచ్చి పెళ్లి చేస్తారు. ఆ అమ్మాయికి సంగతి తెలిసి పుట్టింటికి కబురు పెడుతుంది, హిరణ్యవర్మ సైన్యంతో పాంచాలం మీదికి వస్తాడు. నా వల్ల ఇంతమందికి కష్టమొచ్చిందని శిఖండి చచ్చిపోదామని అడవికి వెళ్తే స్థూణాకర్ణుడనే యక్షుడు జాలిపడి, తన పురుషత్వం కొన్నాళ్లు వాడుకొమ్మని ఇచ్చి ఈమె స్త్రీత్వం తను పుచ్చుకుంటాడు. అప్పుడు హిరణ్యవర్మ పరీక్షించడానికి ఆడవాళ్లని పంపిస్తాడు. రోమ్‌లో నీళ్లతొట్టి, ఇక్కడ పరిచారికలు. మామగారు రెండు చోట్లా సర్టిఫికెట్ అడుగుతున్నాడన్నమాట! ఆ తర్వాత కుబేరుడు వచ్చి యక్షుణ్ణి చూసి కోపంతో, శిఖండి చనిపోయేదాకా నువ్వు ఇలాగే ఉండు పో అని శపిస్తాడు. శిఖండి మాట తప్పకుండా తిరిగివ్వడానికి వస్తాడు కూడా, కానీ ఇక అవసరం లేదు.

ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చిందని నేను అనను. తేడాలు చూస్తేనే మజా. ఈడ్‌ని దేవదూత మార్చాక లోకమంతా ఒప్పేసుకుంటుంది, కథ చల్లగా ముగుస్తుంది. శిఖండి విషయంలో యక్షుడు మార్చాడు, మామ ఒప్పుకున్నాడు, ద్రోణుడి దగ్గర విలువిద్య నేర్చాడు, అయినా భీష్ముడు ఒప్పుకోడు. ఆ ఉపాఖ్యానం దుర్యోధనుడికి చెప్పేది భీష్ముడే. పూర్వం స్త్రీగా ఉన్నవాడి మీద బాణం వేయనంటాడు. ఆ ఒప్పుకోకపోవడమే ఆయన చావుకి దారి. ఇంత గడుసు ముగింపు నాకు ఫ్రెంచి కథల్లో కనబడలేదు.

మా ఊరి అభిమానం అనుకోకపోతే ఇంకో మాట. ఫ్రాన్సులో ఇవి రాస్తున్న ఆ 13వ శతాబ్దంలోనే నెల్లూరులో తిక్కన విరాటపర్వం మొదలుపెట్టి బృహన్నలని తెలుగులో నడిపించాడు. బృహన్నల అనగానే మనందరికీ 1963 'నర్తనశాల'లో ఎన్టీఆర్ కళ్ల ముందుకొస్తాడు, అది వేరే సంగతి. సంచిగారు చెప్పిన ఎబాన్ పెళ్లి పక్కన బృహన్నల కథ చివరను పెట్టి చూడండి. వేషం తీసేశాక విరాటుడు ఉత్తరని అర్జునుడికిస్తానంటాడు. అర్జునుడు వద్దంటాడు. ఏడాది పాటు అంతఃపురంలో గురువుగా, తండ్రిలా ఉన్నాను, కోడలిగా చేసుకుంటాను అని అభిమన్యుడికి అడుగుతాడు. అంటే ఆ ఏడాది బతుకు ఉత్త నాటకం కాదు, దాని బంధాలు దానికున్నాయి అని ఒప్పుకున్నట్టే కదా. ఎబాన్‌కి ఆ ఇంగితం లేదు.

రెండో_పేరు

నేను ట్రాన్స్ మనిషిని. ఈ థ్రెడ్ కోసమే లాగిన్ అయ్యాను.

సంచిగారికి ఒక చురక. "ఆ కాలానికి ఆ అరలు లేవు, పేరు పెట్టొద్దు" అని ఎప్పుడూ మా వైపే చెబుతారు. సైలెన్స్ "నిజానికి ఆడదే" అని రాసినప్పుడు అది పేరు పెట్టడం కాదా? మీరు అతని కథ చెబుతున్నప్పుడు "అవుతాడు, పట్టుకొచ్చేస్తాడు" అనే రాశారు, చూసుకోండి, నాకు అది నచ్చింది. నేను అడిగేది సైలెన్స్‌కి సభ్యత్వం కార్డు ఇమ్మని కాదు. కథలో ఆ మనిషిని ఎవరైనా అడిగారా అన్నదే నా కొలత. సైలెన్స్‌ని అడగలేదు. మెర్లిన్ నవ్వాడు, రాజు తేల్చాడు, ప్రకృతి తుడిచేసింది. ఈడ్‌ని కూడా అడగలేదు, దేవదూత పాపం మంచి చేసిందిలెండి.

అడిగిన మధ్యయుగపు కథ ఒకటుంది. 14వ శతాబ్దపు 'త్రిస్తాన్ ద నాంతుయ్'. బ్లాంషాందీన్ అనే ఆమె మగవేషంలో ఉండగా సుల్తాను కూతురు ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది, మళ్లీ అదే స్నానం గొడవ వస్తుంది. అక్కడ దిగిన దేవదూత మాత్రం, ఆడదానిగా ఉంటావా మగవాడిగా మారతావా, నీ ఇష్టం అంటుంది. అంతకుముందే పెళ్లాడిన భర్త త్రిస్తాన్ చనిపోయాడనుకుని, పగ తీర్చుకోవాలని, మగవాణ్ణి చేయమంటుంది. బ్లాంషాందీన్ బ్లాంషాందెన్ అవుతాడు, ఒక కొడుక్కి తండ్రవుతాడు, ఆ కొడుకు తర్వాత పెద్ద సెయింట్. భర్త బతికే ఉన్నాడని తర్వాత తెలుస్తుంది, అది ఇంకో తలనొప్పి. కారణం పగే కావచ్చు. కానీ అడిగారు, చెప్పింది, అది జరిగింది.

కొత్తపేజీ గారూ, మీరు ప్రాచెట్ చదివి నవ్వుకున్నారు సరే, సార్జెంట్ జాక్రమ్ దగ్గర ఆగలేదా? ఆ పటాలంలో అందరి గుట్టూ తెలిసిన ముసలి సార్జెంటు గుట్టు చివరికి పాలీకి తెలుస్తుంది. అతనికి ఎక్కడో పెరిగి పెద్దవాడైన కొడుకున్నాడు, తల్లిగా ఏ ముఖం పెట్టుకుని వెళ్లను అని సందేహం. పాలీ ఇచ్చే సలహా: తండ్రిగా వెళ్లు, పతకాలు పెట్టుకున్న సార్జెంట్ మేజర్‌లా వెళ్లు. ఆ పుస్తకంలో మిగతావాళ్లలో చాలామందికి మగబట్టలు ఒక పనిముట్టు, తీసేస్తే ఊపిరాడుతుంది. జాక్రమ్‌కి తీసేస్తే ఏమీ మిగలదు. ఇద్దరూ ఒకే సైన్యంలో, ఒకే ప్యాంటులో ఉన్నారు. మీ ప్రశ్నకి నా జవాబు అదే, బట్టలు చూసి చెప్పలేం, ఆ మనిషి తీసేయాలనుకుంటున్నాడా లేదా చూడాలి.

ఇదే తేడా ఆలిసన్ గుడ్‌మన్ 'ఎయాన్' (2008)లో ఇంకా బాగుంటుంది. డ్రాగన్ల శక్తిని అందుకోవాలంటే అబ్బాయే అయి ఉండాలి కాబట్టి ఎయోనా అనే అమ్మాయి ఎయాన్ అని చెప్పుకుంటుంది. దొరికితే ప్రాణం పోతుంది. ఆమెకి దర్బారు మర్యాదలు నేర్పేది లేడీ డేలా. మగ శరీరంతో పుట్టి స్త్రీగా బతికే మనిషి, ఆమె పుట్టిన తెగలో అలాంటివాళ్లకి గౌరవం కూడా ఉంది. ఎయోనాకి ప్రతి ఉదయం టెన్షన్, డేలాకి ప్రతి ఉదయం అలంకారం. దర్బారులో డేలాని ఈసడించుకునేవాళ్లు ఉంటారు, అది రచయిత్రి దాచలేదు.

మీసాల_బుజ్జి

ఇంత సీరియస్ థ్రెడ్‌లో నేను రావచ్చో లేదో.

మీరంతా ఆడ నుంచి మగ గురించే మాట్లాడుతున్నారు. అటునుంచి ఇటు వస్తే ఎందుకు కామెడీ అయిపోతుంది? నార్స్ (స్కాండినేవియా) పురాణంలో థోర్ అనే దేవుడి సంగతే తీసుకోండి. అతని సుత్తి ఒక రాక్షసుడు దొంగిలించి, ఫ్రేయా దేవతని ఇచ్చి పెళ్లి చేస్తేనే తిరిగిస్తానంటాడు. ఫ్రేయా కాదు పొమ్మంటుంది. అప్పుడు థోర్‌కే పెళ్లికూతురి ముసుగు వేసి, లోకి అనే మాయావి దేవుణ్ణి చెలికత్తెగా తోడిచ్చి పంపిస్తారు. ముందు థోర్ గింజుకుంటాడు, దేవతలందరూ నన్ను పేడి అంటారని. పెళ్లివిందులో పెళ్లికూతురు ఒక ఎద్దు, ఎనిమిది సాల్మన్ చేపలు, మూడు పీపాల మద్యం లాగించేస్తుంది. పెళ్లికొడుకు బిత్తరపోతే లోకి, మీ మీద మోజుతో ఎనిమిది రాత్రులు తిండి మానేసింది అంటాడు. అలా సుత్తి ఒళ్లోకి రాగానే అందర్నీ చితక్కొట్టేస్తాడు. చీకట్లో సైరంధ్రి అనుకుని కీచకుడు భీముడి మీద చెయ్యివేసిన సీనే అనుకోండి.

మన సినిమాల్లో కూడా హీరో చీర కట్టుకుంటే విలన్ వెంటపడటం, అందరం నవ్వడం. అమ్మాయి ప్యాంటేసుకుని కత్తి పడితే వీరనారి, అబ్బాయి చీర కడితే జోకరు. ఇది అప్పటినుంచీ ఇంతేనా?

తాటాకుల_సంచి

@రెండో_పేరు చురక తగిలింది, కానీ నేను పూర్తిగా మీ వైపు రాలేను. బ్లాంషాందీన్ సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా, ఈ వాదంలో దానికంటే గట్టి ఉదాహరణ లేదు.

@మీసాల_బుజ్జి దాదాపు ఇంతే, కారణం కూడా పైకే కనబడుతుంది. పైకెక్కాలనుకునేవాళ్లని లోకం అర్థం చేసుకుంటుంది, దిగాలనుకునేవాళ్లని అనుమానిస్తుంది. సైలెన్స్‌లోనే చూడండి, నైట్ వేషం వేసిన ఆమెకి రాణి పదవి, సన్యాసిని వేషం వేసిన అతనికి చావు. అలాగని ఆడవాళ్లకి బట్టలు ఫ్రీ అని కాదు. ఐస్‌లాండు పాత చట్టం ఎవరు ఎవరి బట్టలు వేసుకున్నా శిక్షే అంటుంది. అక్కడి లాక్స్‌డేలా సాగా అనే పాత కథలో ఔద్ అనే ఆమె మగవాళ్ల లాగు వేసుకుంటుందన్న వంకతో మొగుడు విడాకులిచ్చేస్తాడు. తర్వాత ఆమె నిజంగానే లాగు తొడుక్కుని, గుర్రమెక్కి రాత్రికి రాత్రి వెళ్లి మంచం మీదున్న ఆ మాజీ మొగుణ్ణి కత్తితో గాయపరిచి వస్తుంది. నాకు ఇష్టమైన సీన్లలో ఇది మొదటిది. కథ బయట జరిగింది చూస్తే 1431లో ఫ్రాన్సు వీరనారి జోన్ ఆఫ్ ఆర్క్ మీద మోపిన నేరాల్లో మగబట్టలూ ఉన్నాయి. మానేస్తానని మళ్లీ వేసుకుందన్నది ఆమెని కాల్చడానికి చూపిన కారణాల్లో ఒకటి.

మగవాడు ఆడవేషం వేసి గౌరవం పోగొట్టుకోని ఉదాహరణ కావాలంటే ఉల్రిచ్ ఫాన్ లీచ్‌టెన్‌స్టైన్. ఆస్ట్రియా నైటు, కవి. 1227లో వీనస్ దేవతలా జడలు, గౌను వేసుకుని వెనిస్ నుంచి బొహీమియా దాకా ఊరూరా బల్లేల పోటీ చేసుకుంటూ వెళ్లానని తన కావ్యంలో రాసుకున్నాడు. తనతో పోటీపడి బల్లెం విరగ్గొట్టుకున్నవాళ్లకి ఉంగరం బహుమతి. ఎంత నిజమో ఎంత కోతో చెప్పడం కష్టం. కానీ అందరికీ తెలిసి చేసే వేడుక కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరికీ తెలియకుండా బతికితేనే తంటా. 1394 డిసెంబరులో లండన్‌లో ఒక మనిషిని స్త్రీ బట్టల్లో పట్టుకుని నగర అధికారుల ముందు నిలబెట్టారు. రికార్డులో జాన్ రైకెనర్, ఆ మనిషి చెప్పిన పేరు ఎలియనార్. ఆక్స్‌ఫర్డ్‌లో ఎలియనార్‌గా కుట్టుపని చేసి బతికానని కూడా అందులో ఉంది. తర్వాత ఏమైందో ఆ కాగితం చెప్పదు. అక్కడ దేవదూతా లేదు, యక్షుడూ లేడు.

కొత్తపేజీ

ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. జాక్రమ్ దగ్గర నేను ఆగాను గానీ అది ఇంకో మలుపు అనుకుని దాటేశాను, మళ్లీ చదువుతా. కానీ ఎయోవిన్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. రెండో_పేరు గారి కొలతతో చూస్తే, ఆమెని అడిగారు, ఆమే ఒప్పుకుంది. అయినా నాకు ఎందుకో ఆ ఒప్పుకోవడం రచయిత చెప్పించినట్టే అనిపిస్తుంది.

నెల్లూరోడు

ఎయోవిన్‌ది "నేను ఎవరు" అనే గొడవ కాదని నా అభిప్రాయం. ఆమెకి కావలసింది మగతనం కాదు, చావు. పంజరంలో ముసలైపోవడమంటే భయమని ముందే చెబుతుంది, యుద్ధానికి వెళ్లింది తిరిగి రావడానికి కాదు. అలాంటి మనిషి బతుకుతాను, వైద్యం చేస్తాను, మొక్కలు పెంచుతాను అనడం ఆ పుస్తకంలో ఓడిపోవడం కాదు. ఫారమిర్‌కి కూడా కత్తి అంటే మోజు లేదు. హీరో ఫ్రోడో వెంట అంత తిరిగి వచ్చిన శామ్ చేసేది కూడా తోటపనే. అక్కడ మగవాళ్లు కూడా ఆయుధాలు దించి మట్టి తవ్వుకుంటున్నారు. పెళ్లి కొంచెం తొందరగా కుదిరిందంటే సరే, అది ఒప్పుకుంటా.

మీకు అలానా నచ్చింది కాబట్టి అదే లోకంలో పియర్స్ తర్వాత రాసిన కెలడ్రీ సిరీస్ (1999 నుంచి) చదవండి. అప్పటికి చట్టం మారిపోయింది, అమ్మాయి అమ్మాయిగానే నైట్ శిక్షణకి వెళ్లొచ్చు. వేషం అక్కర్లేదు. కానీ ఆమెకి మాత్రమే మొదటి ఏడాది ప్రొబేషన్ పెడతారు. వేషం అక్కర్లేనప్పుడు కష్టం ఎక్కడికి పోయిందో, ఎలా తిరిగొచ్చిందో చూడొచ్చు.

మీసాల_బుజ్జి

నాకు సుత్తి, కామెడీ రెండూ ఉన్నవి చెప్పండి ఎవరైనా.

రెండో_పేరు

@మీసాల_బుజ్జి రిక్ రియోర్డన్ మాగ్నస్ చేజ్ సిరీస్ రెండో భాగం, 'ది హ్యామర్ ఆఫ్ థోర్' (2016). సుత్తి పోతుంది, రాక్షసుడు పెళ్లి అడుగుతాడు, అంతా మీరు చెప్పిన కథే. కానీ అందులో అలెక్స్ ఫియెర్రో ఉంటుంది, లోకి సంతానం, కొన్ని రోజులు అమ్మాయి, కొన్ని రోజులు అబ్బాయి, ఎదుటివాళ్లకి ఏ రోజు ఏదో తనే చెబుతుంది. పాత కథలో లోకి ఆడగుర్రంగా మారి ఎనిమిది కాళ్ల గుర్రాన్ని కన్న సంగతి తెలిసినవాళ్లకి లోకి కడుపున అలెక్స్ పుట్టడం అసలు వింతే కాదు. పిల్లల పుస్తకమే, జోకులు బాగుంటాయి, అలెక్స్ మీద మాత్రం జోకు వేయడు.

@కొత్తపేజీ మీకు రెండు. ఒకటి ఎల్. ఫ్రాంక్ బామ్ 'ది మార్వలస్ ల్యాండ్ ఆఫ్ ఆజ్', 1904. ఇది చూడటానికి చిన్నపిల్లల కథ. టిప్ అనే కుర్రాడు మంత్రగత్తె మోంబీ దగ్గర చాకిరీ చేస్తుంటాడు, చివరికి తేలేదేంటంటే పసితనంలో మాయ చేసి దాచేసిన యువరాణి ఆజ్మా ఆ టిప్పే. నేనైతే ఆ పేజీ ఎన్నిసార్లు చదివానో. కానీ జాగ్రత్తగా చదివితే టిప్ ఎగిరి గంతేయడు, నేను అబ్బాయిగానే ఉంటానని బతిమాలతాడు, పోనీ కొన్నాళ్లు చూసి నచ్చకపోతే మళ్లీ మార్చేస్తారా అని అడుగుతాడు. మంచి మంత్రగత్తె గ్లిండా, రూపాలు మార్చడం నిజాయితీ లేని పని, నేను చేయను అంటుంది, ఆ మార్చేదేదో మోంబీ చేతే చేయిస్తుంది. మా స్నేహితుల్లో ఒకరికి ఇది స్వేచ్ఛ కథ, ఇంకొకరికి బలవంతం కథ, ఇద్దరూ ట్రాన్స్ మనుషులే, ఇద్దరూ ఇప్పటికీ ఒప్పుకోరు.

రెండోది షెల్లీ పార్కర్-చాన్ 'షి హూ బికేమ్ ది సన్' (2021). చైనాలో మింగ్ వంశం స్థాపించిన ఝూ యువాన్‌ఝాంగ్‌ని ఇంకోలా ఊహించిన కథ. కరువులో ఒక ఇంట్లో కొడుక్కి గొప్పవాడవుతాడని, కూతురికి ఏమీ లేదని జోస్యం చెబుతారు. కొడుకు చచ్చిపోతాడు. ఆ పిల్ల అతని పేరు తీసుకుని, అతని జాతకం కూడా నాదే అని మఠానికి వెళ్లి తలుపు దగ్గర కూర్చుంటుంది. మొదట్లో ఆమె భయం మనుషులకి దొరికిపోతానని కాదు, ఆకాశానికి దొరికిపోతానని. సైలెన్స్‌కి ఎనిమిది వందల ఏళ్ల తర్వాత వచ్చిన చుట్టం అనొచ్చు, కాకపోతే ఇక్కడ మెర్లిన్ వచ్చి నవ్వినా ఝూ ఆగదు. యుద్ధం, క్రూరత్వం ఎక్కువ, ఝూ చేసే పనులన్నీ మీకు నచ్చవు. నాకూ నచ్చలేదు. రెండో భాగం 2023లో వచ్చింది, రెండూ కలిపే తీసుకోండి.

తాటాకుల_సంచి

సైలెన్స్ చదవాలనుకునేవాళ్లకి సారా రోష్-మాది 1992లో చేసిన ఇంగ్లీషు అనువాదం తేలిక, ఒక పక్క పాత ఫ్రెంచి, ఎదురుగా ఇంగ్లీషు ఉంటుంది. లైబ్రరీలో దొరికితే మొదట పన్నెండేళ్ల వయసులో వచ్చే ఆ వాదన చదవండి. తర్వాత మొదటికి వెళ్లినా ఫరవాలేదు. @రెండో_పేరు, ఝూ నేను మొదలుపెట్టాను, మఠంలో ఉన్నాను ప్రస్తుతం. మిగతాది చెప్పకండి, అయ్యాక వచ్చి గొడవ పెట్టుకుంటా.